టైం మంచిగ లేని ఇంజన్

“పేల్తది. ఇయ్యాల కాకుంటె రేపు పేల్తది.”

జొన్నరొట్టెను పెనం మీద తిప్పేస్తూ రేణుకమ్మ ఈ మాట అన్నది. అప్పటికింకా ఏమీ కాలేదు. పొద్దు చెరుకు తోట మీదికి రాలేదు, ఇంజన్ హ్యాండిల్‌ను ఎవరూ ముట్టలేదు. పేలుతుందని ఆమె అంటున్న ఆ ఇంజన్ బావి దగ్గర రేకుల కొట్టంలో గోనెసంచి కప్పుకొని చల్లగా పడుకొని ఉంది. అయినా అన్నది. ఏదైనా జరగకముందే నోటితో అనెయ్యడం ఆమె పద్ధతి. అన్నాక జరగకపోతే, తాను అన్నందుకే జరగలేదని ఆమెకు లోలోపల ధీమా.

కాపురానికి వచ్చిన కొత్తలో మోట లాగే ఎద్దులు బావిలో పడతాయని భయపడేది. ఎద్దులు పోయి ఆయిలింజన్ వచ్చాక ఆ భయమంతా మూట గట్టుకొని ఇంజన్ మీదికి మారింది. మారేటప్పుడు కాస్త పెరిగింది కూడా. ఎద్దు బెదిరితే కళ్ళలో తెలుస్తుంది. ఇంజనుకు కళ్ళెక్కడివి?

బోధన్ చుట్టుపక్కల చెరుకు పెట్టినవాళ్ళందరివీ అప్పట్లో ఆయిలింజన్లే. కరెంటు స్తంభాలు వస్తాయి, వస్తాయి అనే మాట తప్ప స్తంభాలు రాలేదు. అన్ని ఇంజన్లూ డుగ్గు డుగ్గుమని నడిచేవి. రేణుకమ్మ పెనిమిటి నర్సన్న ఇంజన్ మాత్రం ప్రతి డుగ్గుకూ ముందు ఒక ‘టాంగ్’ వేసేది. లోపల ఎవరో కమ్మరి కూర్చొని సుత్తెతో దాగలి మీద కొట్టినట్టు. టాంగ్ డుగ్గు, టాంగ్ డుగ్గు. ఆ చప్పుడుకు బర్రె పాలు చేపేది కాదు. గూట్లో గిన్నెలు వాటంతటవే అంచుకు జరిగి, ఒకటొకటిగా కింద పడేవి. ఇంజన్ దగ్గర అరిచి అరిచి నర్సన్నకు ఇంట్లో కూడా అరిచే అలవాటైంది. ఉప్పు అడిగినా, ఊరవతల ఉన్నవాణ్ణి పిలిచినట్టే అడిగేవాడు.

అయినా ఆ టాంగ్ అంటే నర్సన్నకు ప్రాణం. అతని చిన్నప్పుడు ఆ ఊళ్ళో ఒక్క దొర తోటలోనే ఇంజన్ ఉండేది. అది మొదలుపెడితే ఊరంతా చెవి ఒగ్గి, ‘దొర నీళ్ళు పెడుతున్నడు’ అనుకునేది. ఇప్పుడు దొర తోటదాకా తన ఇంజన్ వినిపిస్తుంది.

“సప్పుడు ఉంటెనె తాకత్ ఉన్నట్టు,” అనేవాడు. “మూగ ఇంజన్ ఎవనికి గావాలె?”

వాళ్ళ కొడుకు దేవిదాస్ హైదరాబాదులో ఇంజన్ల చదువు, అదే డిప్లొమా, ముగించుకొని ఆ ఎండాకాలం ఇంటికి వచ్చాడు. వచ్చిన పొద్దున్నే ఇంజన్ చప్పుడు విని చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. చాయ్ చల్లారిపోయింది. కొడుకుకు జ్వరమనుకొని రేణుకమ్మ నుదురు పట్టి చూసింది.

“నాకు మంచిగనె ఉన్నది అవ్వ. ఇంజనుకె బాగ లేదు.”

ఆ మధ్యాహ్నం ఆమె వంటింట్లోకి వచ్చేసరికి కొడుకు బొగ్గు పట్టుకొని గోడ మీద ఏవో గీతలు గీస్తున్నాడు. ఒక గీత నేలబారుగా పాకి పాకి ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచింది. దాని పక్కనే ఇంకొక గీత చెరువుకట్టలా మెల్లగా ఎక్కింది.

“ఏందిరా గిది? గోడ మీద బొగ్గుతోని గీస్తె ఇంటికి మంచిది కాదు.”

“ఇది బాపు ఇంజన్, అవ్వ.”

“పాము పడగ ఎత్తినట్టున్నది.”

“పాము కాదు. లోపల మంట జోరు ఎట్ల లేస్తున్నదో గీసి సూస్తున్న. గిట్ల నిలువునా లేస్తె టాంగ్ అంటది. గీ కట్ట లెక్క మెల్లగ లేస్తె సప్పుడుండది. మనం మొదటిదాన్ని రెండోదాని లెక్క చెయ్యాలె.”

రేణుకమ్మ గీతలకేసి అనుమానంగా చూసింది. దేవిదాస్ పొయ్యి చూపించాడు.

“నువ్వు పచ్చి కట్టెలు పెట్టి ఊదుతవు సూడు. ముందుగాల అంటుకుంటదా?”

“యాడంటుకుంటది! పొగ జమైతది, జమైతది, ఒక్కసారె బుగ్గుమని మొఖం మీదికొస్తది. నా కనుబొమ్మలు గట్లనె పోయినయి.”

“గదే. ఇంజన్ల నూనె చిమ్ముతది. గాలి మంచిగ వేడెక్కినంక చిమ్మితె, చిమ్మింది చిమ్మినట్టె కాల్తది. తొందరపడి ముందుగాలనె చిమ్మితె అంటుకోదు, జమైతది. జమైందంత ఒక్కసారె అంటుకుంటె...”

“టాంగ్,” అన్నది రేణుకమ్మ. తర్వాత గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. “మీ బాపు లెక్కనే.”

దేవిదాస్ బొగ్గు పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకున్నాడు. మీసాలు రాని చోట కూడా మీసాలు వచ్చాయి.

ఆమె అన్నది నిజమే. నర్సన్నకు నచ్చని మాట చెబితే ఆ నిమిషాన ఏమీ అనడు. ముద్ద నములుతాడు, చెయ్యి కడుక్కుంటాడు, పొలం పోతాడు. మాటకు నిప్పంటుకోదు. అది లోపల జమవుతుంది. ఎప్పుడో, ఏ సంబంధం లేని చోట, ఒక్కసారి పేలుతుంది. ఆ మధ్యలో ఉండే ఊరకుండుడే రేణుకమ్మను సగం చంపేది.

“గా టాంగ్ గట్లనె ఉంటె ఏమైతది బిడ్డ?”

“ఏదో ఒకనాడు లోపలి పిస్టన్ పగుల్తది.”

“పేల్తదా?”

“పేలది అవ్వ. పగుల్తది.”

రేణుకమ్మకు ‘పేలది’ అన్నది వినబడలేదు. “పక్కన మనిషి నిలవడి ఉంటె?”

“మనిషికేం గాదు. గని ఇంజన్ ఆగుతది. గీ ఎండల ఇంజన్ ఆగితె చెరుకు నిలుస్తదా?”

అది మాత్రం బాగా వినబడింది. బావి తప్ప వేరే నీళ్ళు లేవు. ఏడాది తిండి ఆ తోటలోనే నిలబడి ఉంది. అన్నం ముందు కూర్చున్న తండ్రిని ఆ రోజే దేవిదాస్ అడిగాడు, ఇంజన్ విప్పి చూద్దామా అని. నర్సన్న ముద్ద నమిలాడు. చెయ్యి కడుక్కున్నాడు. పొలం పోయాడు. మర్నాడు దూడను గుంజకు కట్టేస్తూ కట్టేస్తూ ఒక్కసారిగా, “నా ఇంజనుకు పానా పెట్టినోని చెయ్యి ఇరుగ్గొడ్త!” అని అరిచాడు. దూడ తాడు తెంపుకొని పోయింది. పక్కింటి హన్మవ్వ చేతిలో నీళ్ళ బిందె జారింది. దేవిదాస్ తల్లిని వంటింట్లోకి పిలిచి, గోడ మీది నిలువు గీతను వేలితో చూపించాడు.

ఇక బోధన్ అంగడి రోజు వచ్చింది. తల్లీకొడుకులు కలిసి పోయారు. ఆమె ఎండుమిరపకాయల కుప్ప దగ్గర బేరమాడుతుంటే, కొడుకు ఎదురుగా ఉన్న లతీఫ్ దుకాణంలోకి పోయాడు. లతీఫ్ ఆయిలింజన్ల మిస్త్రీ. ఆ చుట్టుపక్కల ఇంజన్లన్నీ అతని చేతి మీదివే, నర్సన్నది తప్ప. నర్సన్న ఎవరినీ రానిస్తేగా.

“ఎట్ల కొడుతున్నదో జర చేసి సూపియ్యి తమ్మి,” అన్నాడు లతీఫ్.

దేవిదాస్ నోటితో డుగ్గు, రెంచీతో టాంగ్ చేసి వినిపించాడు. లతీఫ్ కళ్ళు మూసుకొని, తల వంచి, పాట వింటున్నట్టు విన్నాడు. “ఇంకొకసారి.” ఈసారి అంగడి జనం గుమిగూడారు. ఎవరో ముసలాయన, పాపం పిలగానికి ఎన్నాళ్ళ నుంచి ఇట్లున్నది, అని రేణుకమ్మనే అడిగాడు. ఆమె గాభరాగా దుకాణం దగ్గరికి వచ్చేసరికి లతీఫ్ గట్టిగా చెబుతున్నాడు.

“టైం మంచిగ లేదు తమ్మి. ముందుకు జరిగింది. వెనక్కి జరపాలె. లేకుంటె నుక్సానైతది.”

రేణుకమ్మ అక్కడే నిలబడిపోయింది. చేతిలో మిరపకాయ తుమ్ము తెప్పించినా తుమ్మలేదు.

టైం మంచిగ లేదు! తనకు మొదటి నుంచీ తెలుసు. ఇంజన్ బిగించింది మూఢంలో. వద్దు, మూఢం పోనీ అని అప్పుడే అన్నది. ఎండిపోతున్న చెరుకు అందాక ఆగుతదానె అని నర్సన్న అరిచాడు. ఇప్పుడు మూఢమంటే ఏందో తెలియని లతీఫ్ కూడా చప్పుడు విని పట్టేశాడంటే అది ఎంత పెద్ద దోషమై ఉండాలి! కొడుకును ఏమీ అడగలేదు. అడిగితే ఇంకా పెద్దదేదో బయటపడుతుందని భయం.

ఇంటికి రాగానే అన్నం తింటున్న నర్సన్న ముందు నిలబడింది.

“ఇగో, ఇంటున్నవా? మన ఇంజన్ టైం మంచిగ లేదట. వెనక్కి జరపాలెనట.”

నర్సన్న ముద్ద నమిలాడు. అయితే ఈసారి చెయ్యి కడుక్కోలేదు.

“ఎవరన్నరు?”

“లతీఫ్.”

“లతీఫ్ కు మూఢాలు ఎరుకనా?”

“గాయినకు సుత ఎరుకైందంటె సూడు మల్ల.”

ఈ మాట నర్సన్నకు ఎక్కింది. పానా అంటే మండిపడే మనిషికి ముహూర్తమంటే లోపల బెదురు. కంచం పక్కకు జరిపి, “కందకుర్తి పోత. గోదాట్ల మునిగి, నీళ్ళు తెచ్చి ఇంజన్ మీద సల్లుత,” అన్నాడు. అక్కడ గోదావరి, మంజీర కలుస్తాయి. ఏ దోషమైనా అక్కడ మునిగితే పోతుందని ఆ వైపు జనం నమ్మకం. మర్నాడు తెల్లవారగానే చెంబు పట్టుకొని రెంజల్ వైపు పోయే ఎడ్లబండి ఎక్కాడు.

దేవిదాస్ నిద్ర లేచేసరికి బాపు లేడు. “యాడికి పోయిండు?” అని అడిగితే తల్లి, “టైం జరపనీకి,” అన్నది. కొడుకు ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. సైకిల్ తీశాడు. నడిపొద్దు కాకముందే వెనక లతీఫ్ ను కూర్చోబెట్టుకొని వచ్చాడు.

“సలాం అక్క. టైం జరపనీకి వచ్చిన,” అన్నాడు లతీఫ్.

రేణుకమ్మ అతని వెనకాల పంతులు కోసం చూసింది. ఎవరూ లేరు. అప్పటికే ఆమె పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పళ్ళెంలో సర్దింది.

“పంచాంగం యాడున్నది?”

“పంచాంగమెందుకక్క? పానా ఉన్నది.”

రేకుల కొట్టంలో అతడు ఇంజన్ పక్కనున్న చిన్న పంపును విప్పాడు. నూనె చిమ్మేది అదే. దాని అడుగున సన్నటి రేకు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి ఉండాలట. మొదట ఇంజన్ బిగించిన నాడే ఎవరో ఒకటి రెండు వెయ్యడం మరిచారు. పంపు ఆ మేరకు కిందికి దిగి, నూనె తొందరగా చిమ్ముతోంది.

“గిదే అక్క, టైం. గీ రేకు మందమంత ముందుకు జరిగింది.”

రేణుకమ్మ ఆ పంపును చూసింది, రేకును చూసింది, పళ్ళెంలోని కొబ్బరికాయను చూసింది. మెల్లగా గోడకు ఆనుకొని కూర్చుంది.

“గిదా టైం? మరి గాయిన గోదాట్ల మునిగేది దేనికి?”

సంగతి అర్థమయ్యేసరికి లతీఫ్ పానా కింద పెట్టేశాడు. నవ్వుతూ పంపు పట్టుకుంటే నట్లు పడిపోతాయని. “అల్లా! అక్కా, మీ ఆయిన నన్ను దోషాలు జూసే పంతులును చేసిండు!”

“మా ఆయిన కాదు, నేనె చేసిన,” అన్నది ఆమె ఏడుపు గొంతుతో. “దేవిదాసు, నీకు ముందె ఎరుకనా?”

“పొద్దుగాల నువ్వంటె ఎరుకైంది. అప్పటికె బాపు బండెక్కిండు. పుణ్యం యాడికి పోదు లే అవ్వ.”

లతీఫ్ రేకు కత్తిరించి పెట్టాడు. దేవిదాస్ హ్యాండిల్ తిప్పాడు. టాంగ్ ఉంది, కానీ కమ్మరి అలిసిపోయినట్టు ఉంది. కర్ర ఒక కొన ఇంజనుకూ, ఇంకో కొన చెవికీ ఆనించి దేవిదాస్ విన్నాడు. “ఇంకొకటి,” అన్నాడు. మళ్ళీ ఆపడం, విప్పడం, ఇంకొక రేకు. ఈసారి ఎక్కువైంది. ఇంజన్ తెల్లగా పొగ ఊది, నీరసంగా దగ్గింది. “రేకు మందమైంది,” అని లతీఫ్ ఆ బిళ్ళను తీసి, ఇంకా పలుచనిది వేశాడు.

డుగ్గు. డుగ్గు. డుగ్గు.

అంతే. టాంగ్ లేదు. నీళ్ళు మాత్రం గొట్టంలో నుంచి ఎప్పటిలాగే బలంగా దూకి కాలువలో పడుతున్నాయి.

“లతీఫన్నా! చాయ్ తాగుతవా?” అని రేణుకమ్మ అలవాటు కొద్దీ ప్రాణమంతా పెట్టి అరిచింది. ఆ అరుపు చెరుకు తోట దాటి, బాట దాటి, దొర తోట దాకా పోయింది. అక్కడ ఎవరో “ఓయ్!” అని పలికారు. ఆమె సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది.

లతీఫ్ చాయ్ తాగి వెళ్ళిపోయాడు. దేవిదాస్ తోట చివరికి నీళ్ళు అందుతున్నాయా లేదా చూడడానికి పోయాడు. అప్పుడు ఆమెకు అసలు భయం పట్టుకుంది.

నర్సన్న ఏ ఊరి నుంచి వచ్చినా వాగు దగ్గరే తన ఇంజన్ వింటాడు. విని అక్కడ కాసేపు నిలబడి మీసం సర్దుకొని వస్తాడు. ఇవాళ వింటే ఏమి వింటాడు? మూగ ఇంజన్! తాను లేనప్పుడు పానా పెట్టారు. పైగా తనను ఉత్తగ నదిలో ముంచి తెచ్చారు. ఏదో ఒక్కటైతే ఆయన లోపల పట్టేది, ఇప్పుడు జమయ్యేది ఎంతని! ఇవాళ ఊరకుంటాడు, రేపూ ఊరకుంటాడు, ఎప్పుడో ఒకనాడు పేలి, ఇంజన్ను ఎత్తి బావిలో వేస్తాడు. తర్వాత చెరుకు ఎండిపోతుంది. కొడుకు అలిగి హైదరాబాదుకు పోతాడు. అక్కడ బస్సు కింద... ఆలోచన అంతదూరం పోయేసరికి బాట మీద తెల్ల తలపాగా కనబడింది.

రేణుకమ్మ చుట్టూ చూసింది. మూలన ఖాళీ కిరసనాయిల్ డబ్బా ఉంది. లతీఫ్ మరిచిపోయిన పానా ఒకటి ఉంది. ఇక ఆలోచించలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకొని ఇంజన్ పక్కన కూర్చొని కొట్టడం మొదలుపెట్టింది.

టాంగ్ డుగ్గు. టాంగ్ డుగ్గు.

మొదట బాగానే కలిసింది. తర్వాత ఆమె టాంగ్ డుగ్గుకు వెనకబడింది. అందుకోవాలని తొందరపడితే రెండు టాంగులకు ఒక్క డుగ్గు వచ్చింది. చెమట కళ్ళలోకి దిగింది. కొంగు ఇంజన్ చక్రంలో పడుతుందేమోనని మధ్యలో ఒక భయం, దాన్ని సర్దబోతే ఇంకొక టాంగ్ పోయింది. ఇలా తప్పుతూ ఉంటే ఇంజనుకు ప్రాణం పోతోందని ఆయన పరుగెత్తుకొస్తాడేమో, ఆ పరుగులో గట్టు మీద జారి పడతాడేమో!

“అవ్వా! ఏం జేస్తున్నవె?” తోటలోంచి వచ్చిన దేవిదాస్ నోరు తెరిచాడు.

“మాట్లాడకు! తాళం తప్పుతది!”

గుమ్మంలో నీడ పడింది. తడి తలపాగా, చేతిలో చెంబు, నర్సన్న నిలబడి ఉన్నాడు. ఆయనను చూశాక కూడా ఆమె చెయ్యి ఇంకా కొన్ని దెబ్బలు కొట్టి గాని ఆగలేదు.

తర్వాత ఆమె నోరు తెరుచుకుంది. పొద్దటి నుంచి జమైనదంతా ఒక్కసారే వచ్చింది. “టైం అంటె మూఢం గాదట, రేకు బిళ్ళట, నాకేమెరుక, నేను ఇన్నది గదే, నువ్వు లేనప్పుడు లతీఫ్ వచ్చిండు, పిలగానిది తప్పేం లేదు, పగుల్తదన్నడు, పగిలితె చెరుకు పోతది, నిన్ను నీళ్ళల్ల ముంచింది నేనె, గని పేలకుండ చేసిండ్రు, గిప్పుడు చెప్పు, గిట్లనె ఉంచుదామా, మల్ల మునుపటి లెక్క చేపిద్దామా?”

నర్సన్న చెంబు గట్టు మీద పెట్టాడు.

బయటికి పోయి గొట్టం కింద చెయ్యి పెట్టాడు. నీళ్ళు చేతిని పక్కకు నెట్టేశాయి. మళ్ళీ పెట్టి చూశాడు. కాలువ వెంట కొంత దూరం నడిచి, నీళ్ళు ఎంతదాకా పోయాయో చూసి తిరిగి వచ్చాడు. తల్లీకొడుకులు కదలలేదు. ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంతకు ముందు చెయ్యి ఆనిస్తే మోచేతి దాకా అదిరిపడేది. ఇప్పుడు దాని వీపు మీద అరచెయ్యి పెట్టి, తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. కొడుకు ఏదో చెప్పబోతే రేణుకమ్మ కళ్ళతోనే వద్దంది. కొట్టం రేకుల మీద ఒక కాకి వచ్చి వాలింది. దాన్ని ఎవరూ తోలలేదు. ఇంజన్ నడుస్తుండగా కాకి వాలడం ఆ కొట్టం కట్టాక అదే మొదలు.

ఎంతకూ ఆయన నోరు విప్పడు. ఊరకున్నకొద్దీ లోపల జమవుతుందని ఆమెకు తెలుసు. ఇంత సేపు జమైతే ఆ పేలుడుకు రేకులు కూడా లేస్తాయి. ఆమె గుండె ఎంత కొట్టుకుంటోందంటే, చేతిలోని పానా దానంతటదే డబ్బా మీద పడడం మొదలైంది. టాంగ్. ఆమెకు తెలియదు. టాంగ్.

నర్సన్న తల తిప్పి ఆమెను చూశాడు. మీసం కింద పెదవి కొంచెం కదిలింది. ఎన్నేళ్ళకో, పక్కనున్న మనిషితో మాట్లాడే గొంతుతో అన్నాడు.

“ఏమే, గా డబ్బ జర పక్కకు వెట్టు. ఇంజన్ ఇననీయి.”